లెక్కలోకి రాని చెయ్యి

నవంబర్ 26

కడుపు మండిపోతోంది. ఎవరితో చెప్పుకోను? మా ఆయన శ్రవణేమో మస్కట్‌లో ఉన్నాడు. అత్తమ్మకు చెబితే ఊరంతా వినబడేలా అరుస్తుంది. బిడ్డ సౌమ్య ఇంకా తొమ్మిదో తరగతి పిల్ల. అందుకే ఇందులో రాసుకుంటున్నాను.

ఈరోజు వీడీసీ మీటింగు. మా ఊళ్ళో గ్రామాభివృద్ధి కమిటీ అంటే కోర్టూ అదే, పోలీసూ అదే. ఇంటికొక మనిషి తప్పకుండా పోవాలి, పోకపోతే జుర్మానా. మామకు మోకాలు వాచి కల్లు గీసే ఈతచెట్టు దిగడానికే తంటాలు పడ్డాడు, ఇక మీటింగు దాకా ఏం నడుస్తాడు? చాటలో బీడీలు చాటలోనే వదిలేసి నేనే పోయాను.

సర్పంచ్ సీటు ఈసారి బీసీ మహిళకు వచ్చింది. కమిటీ పెద్దమనిషి జలపతి లేచి, తన భార్య సత్యవ్వను ఏకగ్రీవం చేద్దామన్నాడు. గుడికి కమాను కట్టిస్తాడట.

"ఊరంటే ఒక్క మాట మీద ఉండాలె. మనకు కొట్లాటలద్దు. యునానిమస్ చేద్దాం. ఒప్పుకున్నోళ్ళు చేతులెత్తుండ్రి" అన్నాడు.

నేనూ ఎత్తాను. ఈ సంగతి రాసిపెట్టుకోవాలి. సత్యవ్వతో నాకేం గొడవ లేదు, నోట్లో నాలుక లేని మనిషి. ఆమె అయితే మంచిదే అనుకొని మనస్ఫూర్తిగానే ఎత్తాను.

"నువ్వెందుకు ఎత్తినవమ్మా? దించు దించు" అన్నాడు జలపతి. "మీటింగుల ఆడోళ్ళ చేతులు లెక్కలకు రావు."

మగవాళ్ళంతా నవ్వారు. నేను చెయ్యి దించి కొంగు సర్దుకున్నాను, దానికోసమే ఎత్తినట్టు. మా వాడకట్టులో సగం ఇండ్ల మగవాళ్ళు గల్ఫ్‌లోనే ఉన్నారు. ఆ ఇండ్ల తరఫున ఒక్క చెయ్యి కూడా లేవలేదు. అయినా యునానిమస్ అని చప్పట్లు కొట్టి లేచిపోయారు.

నవంబర్ 27

ఈ మాట ఇప్పుడు ఊళ్ళో చాయ్ కంటే ఎక్కువ నడుస్తోంది. హోటలు దగ్గర మిర్చీలా, పకోడా అని అడిగితే "మిర్చీలు యునానిమస్" అంటున్నారు. అత్తమ్మ కూడా పట్టేసింది. "ఇయ్యాల చింతకాయ తొక్కు యునానిమస్" అంటుంది, ఇంట్లో ఇంకే కూరా లేదు కాబట్టి.

పైగా సౌమ్యకు ఇంగ్లీషు సారు ఎలక్షన్ల మాటలు కొన్ని హోంవర్క్ ఇచ్చాడట. అర్థం రాయాలి, సొంతవాక్యం రాయాలి. అది పుస్తకం ఒళ్ళో పెట్టుకొని నా చాట పక్కనే కూర్చుంది.

"అమ్మా, యునానిమస్ అంటే ఏంది?"

"అందరు ఒక్కటే మాట చెప్పుడు."

"ఒక్కలు కాదంటే?"

"ఇగ యునానిమస్ గాదు."

"ఒక్కల్ని అడుగనే అడుగకపోతే?"

అన్నం తినమన్నాను. సొంతవాక్యం దగ్గర ఖాళీ వదిలేసి లేచింది.

నవంబర్ 28

అత్తమ్మకు చెప్పేశాను. చెప్పొద్దనే అనుకున్నాను, ఉల్లిగడ్డ తరుగుతుంటే నోట్లోంచి వచ్చేసింది.

మా అత్త లస్మవ్వ సంగతి తెలిసిందే. చేతిలో గిన్నె నేల మీద పెట్టింది. "దించుమన్నడా? తెల్లారింది మొదలు బీడీలు చుట్టి ఇల్లు నడిపే చెయ్యి, మీటింగు కాడికచ్చే సరికి లెక్కలకు రాదా? నువ్వు నామినేషన్ ఎయ్యి నవనీతా. నీ యెంబడి నేనుంట. సంతకం రాకపోతే ఏలుముద్ర ఏస్త."

"ఊరు ఊకుంటదా అత్తమ్మా?"

"ఊరంటే గా జలపతొక్కడేనా?"

మామ గడపలో కూర్చొని మోకాలికి కాపడం పెట్టుకుంటున్నాడు. మామా, ఏమంటవు అని అడిగాను. హన్మండ్లు మామ మాటకు ముందు చానాసేపు ఆలోచిస్తాడు. "చెట్లెక్కుడు నా పని. గిదేందో మీరు సూసుకోండ్రి" అన్నాడు. వద్దనలేదు కదా.

ఆయనకు ఫోన్ చేసి అడగాలా? అక్కడ ఆయన కష్టాలు ఆయనకున్నాయి. కంపెనీ మూతబడి డ్యూటీ లేదు, వాపసు వద్దామంటే కాగితాలు ఇస్తలేరు. రూములో ఆరుగురూ మా ఊరివాళ్ళే. బయట పని దొరికినవాళ్ళు బియ్యం తెస్తే అందరూ ఒకే గిన్నెలో వండుకు తింటున్నారు. ఇప్పుడు ఈ గొడవ ఎందుకు చెప్పడం. తర్వాత చెబుతాను.

నవంబర్ 29

వేశాను. పొద్దున బస్సుకు అత్తా నేనూ మండలాఫీసున్న రుద్రంగి పోయి నామినేషన్ వేసి వచ్చాము. నన్ను ప్రతిపాదిస్తూ వేలిముద్ర వేసిన అత్తమ్మ, వేలి సిరా తుడుచుకోలేదు, దారిలో అందరికీ కనిపించేలా చెయ్యి ఊపుకుంటూ నడిచింది.

నవంబర్ 30

సాయంత్రం డప్పు చాటింపు వేశారు. మా ఇంటి ముందు నిలబడి రెండుసార్లు ఎక్కువ కొట్టారు.

"హన్మండ్లు ఇంటోళ్ళతోని ఎవలన్న మాట్లాడితే జుర్మానా. ఆల్ల కల్లు తాగద్దు. ఆల్లకు దుకాణంల సామాను ఇయ్యద్దు. ఆటోల ఎక్కించుకోవద్దు. నామినేషన్ వాపసు తీసుకునేదాక గింతేనహో!"

మూడో తారీకు మధ్యాహ్నం మూడింటి దాకా వాపసుకు టైం. ఈ ఊరు అన్నీ పద్ధతిగానే చేస్తుంది.

డిసెంబర్ 1

బీడీ కార్ఖానాలో ఆకు, తంబాకు ఇవ్వలేదు. అయిపోయిందన్నారు. నా వెనక వచ్చిన మనిషికి ఇచ్చారు.

మామ కుంటుకుంటూనే చెట్లెక్కాడు. గీత ఒక్కరోజు ఆపినా చెట్టు ఎండి కల్లు రావడం మానేస్తుంది, ఎక్కక తప్పదు. లొట్లు దించుకొచ్చి కల్లు అమ్మే మండువలో పొద్దెక్కేదాకా కూర్చున్నాడు. ఒక్క మనిషి రాలేదు. కల్లు పులిసిపోయింది, తీసుకుపోయి మురుగు మోరీలో పారబోశాడు. మోరీ వెంబడి నురుగు పోతుంటే నిలబడి చూశాడు. మామ కండ్లలోకి చూడటానికి నాకు భయమేసింది.

పక్కింటి లీల గోడ మీదుగా రోజూ పది ముచ్చట్లు చెబుతుంది. ఈరోజు నేను దగ్గినా తిరగలేదు. ఆమె భర్త రమణ మస్కట్‌లో మా ఆయన రూములోనే ఉంటాడు. పెండ్లయి వచ్చినప్పటి నుంచీ నన్ను అక్కా అనే పిలుస్తుంది.

పోనీ. నాకేం బాధ లేదు. మాట్లాడకపోతే పని తొందరగా తెములుతుంది. చెయ్యడానికి పనే లేదనేది వేరే సంగతి.

డిసెంబర్ 2

ఆయన ఫోన్ చేశాడు. నేను చెప్పకముందే అన్నీ తెలుసు. ఊరి వాట్సాప్ గ్రూపులో జలపతి పెట్టాడట, మస్కట్‌లో ఉన్నవాళ్ళకు కూడా ఇదే కట్టుబాటని.

"రూంల నా కంచం పక్కకు పెట్టిండ్రు నవనీతా" అన్నాడు. గొంతు మెల్లగా ఉంది, వాళ్ళు వింటారని కావచ్చు.

"పక్కకు పెట్టుడేంది?"

"అందరు కూసొని తింటున్నరు. నన్ను పిలుస్తలేరు. రమణ కూడ తల ఎత్తుతలేడు. వానిదేం తప్పు లేదు, ఆని ఇల్లు ఊళ్ళె ఉన్నది గదా. పొద్దుగాల ఒక కుబూస్ రొట్టె కొనుక్కున్న, రెండు పూటలు తిన్న."

నేను ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

"నీకెందుకు గీ సర్పంచ్? రేపు పోయి విత్‌డ్రా చేసుకో. నన్నొక మాటన్న అడుగకపోతివి."

"నన్ను ఆల్లు అడిగిండ్రా?" అన్నాను.

"ఆల్లు నిన్ను అడుగలేదు, నువ్వు నన్ను అడుగలేదు. ఆకలి మాత్రం నాకయితుంది" అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది. పెట్టేసిన ఫోన్ పట్టుకొని ఏడ్చాను. సౌమ్య చూసింది.

విత్‌డ్రా చేసుకుంటాను. అయిపోయింది. ఒక చెయ్యి ఎత్తితే ఏంది, దించితే ఏంది. ఆయన కంచంలో అన్నం పడాలి.

డిసెంబర్ 3

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున బస్సు ఉంది. కానీ ముందు జలపతికి ఒక మాట చెబితే మర్యాదగా ఉంటుందని, ఆయన కారు పంపినా పంపుతాడని వాళ్ళింటికి పోయాను. నన్ను చూడగానే జలపతి లోపలికి పోయి గొళ్ళెం పెట్టుకున్నాడు. ఫోన్ చేస్తే కలవదు, మా నంబరు బ్లాక్ చేసినట్టున్నాడు. సత్యవ్వ వాకిట్లో పేడనీళ్ళ సాన్పి చల్లుతోంది. నేను గోడకు చెబుతున్నట్టు చెప్పాను.

"నేను విత్‌డ్రా చేసుకుంట. బండి ఉంటే పంపుమని జలపతి పటేలుకు జెర చెప్పు సత్యవ్వా."

సత్యవ్వ ఒక్కసారి నా మొహంలోకి నిండుగా చూసింది. మళ్ళీ బకెట్‌లో చెయ్యి ముంచి, చల్లిన చోటే ఇంకోసారి చల్లింది. ఆమె మాట్లాడదని తెలుసు. చెవులయితే ఉన్నాయి కదా అని వచ్చేశాను. అప్పటికి బస్సు పోయింది.

అడ్డా మీద మూడు ఆటోలున్నాయి. "రుద్రంగి పోవాలె, విత్‌డ్రాకు" అన్నాను. ఒకడు అద్దం తుడుస్తున్నాడు. ఇంకొకడు పాటల సౌండు పెంచాడు. మూడోవాడు బండి తీసుకొని ఖాళీగానే వెళ్ళిపోయాడు. కొంచెం గట్టిగా చెప్పి ఉంటే వినేవాళ్ళేమో. మెల్లగా అన్నానేమో.

ఇంటికి వచ్చి చీర మార్చుకున్నాను. ఆఫీసుకు మాసిన చీరతో పోతామా? తల దువ్వుకున్నాను. ఆధార్ కార్డు ఎక్కడ పెట్టానో వెంటనే దొరకలేదు. అత్తమ్మ నన్నే చూస్తూ కూర్చుంది. పోవద్దనలేదు, పొమ్మనలేదు. "తాగ నీళ్ళు పట్టుకపో" అన్నది, అంతే.

పన్నెండింటికి నడక మొదలుపెట్టాను. రుద్రంగి ఆరు కిలోమీటర్లు. ఊరు దాటాక చెప్పు తెగింది. కుడి చెప్పు. తెగిన చెప్పుతో ఎట్లా నడుస్తాం, కాళ్ళీడ్చుకుంటూ పోవాలి. కల్వర్టు దగ్గర కూర్చొని నీళ్ళు తాగాను. మక్క చేన్లలో కోత అయిపోయి కొంగలు దిగాయి, తెల్లగా బాగున్నాయి. జగిత్యాల వైపు నుంచి వచ్చిన లారీవాడు ఆపి "రుద్రంగికా చెల్లె? ఎక్కు" అన్నాడు. ముసలాయన, మర్యాదస్తుడిలాగే ఉన్నాడు. తెలియని బండి ఎట్లా ఎక్కుతాను? వద్దన్నాను.

పోయేసరికి ఆఫీసులో కాగితాలు సర్దుతున్నారు. "టైం అయిపోయిందమ్మా, ఇంతసేపు ఏం చేసినవ్?" అన్నాడు అధికారి. చెప్పు తెగిందన్నాను. గుర్తులు ఇచ్చేశాడు. నాకు ఉంగరం, సత్యవ్వకు కత్తెర. నాకు కత్తెర వస్తే బాగుండేది, బీడీ ఆకు కత్తిరిస్తూ రోజూ చేతిలో ఉండేదే.

బస్సులో వాపసు వచ్చాను. ఇప్పుడు ఆయనకు ఏమని చెప్పాలి?

డిసెంబర్ 4

చెప్పు తెగిన సంగతి అత్తమ్మకు చెప్పాను. ఆమె నా మొహం చూసింది కానీ చెప్పులవైపు చూడలేదు.

జలపతి మా గేటు ముందుకు వచ్చి, మాతో మాట్లాడితే తనకే జుర్మానా పడుతుంది కాబట్టి, మా బర్రెను చూస్తూ అరిచాడు. "ఊరిని ఆగం చేసిండ్రు! యునానిమస్ చెడగొట్టిండ్రు!"

అత్తమ్మ కూడా బర్రెకే జవాబిచ్చింది. "విత్‌డ్రా చేసుకుంట బండి పంపుండ్రని నా కోడలు ఆల్ల ఇంటికి పోతె తలుపేసుకున్నరే! ఆటోలు బంద్ పెట్టింది ఎవలే?"

జలపతి బర్రెను వదిలి తన ఇంటివైపు తిరిగి చూశాడు. సత్యవ్వ ఇంట్లో ఆ మాట చెప్పనే లేదన్నమాట! బర్రె మాత్రం గడ్డి తింటూనే ఉంది. ఎన్ని రోజులకో నవ్వొచ్చింది, ఆ వెంటనే భయమూ వేసింది. వాపసు టైం దాటిపోయింది కాబట్టి బంద్ ఇక ఎలక్షన్ అయ్యేదాకా అన్నారు.

డిసెంబర్ 5

ఆయనకు చెప్పాను.

"ఆరు కిలోమీటర్లకు మూడు గంటలా నవనీతా?"

"చెప్పు తెగింది."

"మంచిది" అని ఆయన ఫోన్ పెట్టేశాడు. ఏం తిన్నాడో అడగలేదు నేను. అడిగితే చెబుతాడని భయం. వడ్డించుకున్న అన్నం తీసి మళ్ళీ గిన్నెలో పెట్టేశాను. నేను చెడ్డదాన్నా? మొగుడు పస్తులుంటే పోటీలో నిలబడ్డదాన్ని ఊరు ఇంకేమంటుంది?

కానీ టైం అయిపోయింది కదా. నా చేతిలో ఏముంది?

డిసెంబర్ 6

రుద్రంగి బడికి పోయే ఆటోలో సౌమ్యను ఎక్కించుకోలేదు. నడిచి పోయింది. దాని చెప్పులు అరిగిపోయాయని నావి వేసుకొని పోయింది. పోను ఆరు, రాను ఆరు. వచ్చాక కాళ్ళు పట్టబోతే, నొప్పులేం లేవంది.

"అమ్మా, నువ్వు ఓడిపోతే బంద్ తీసేస్తరా?"

"తీసేస్తరు."

"గెలిస్తే?"

తెలియదన్నాను.

డిసెంబర్ 7

ఆయన ఫోన్ రాలేదు. నేను చేస్తే ఎత్తలేదు.

డిసెంబర్ 8

మధ్యాహ్నం వీడియో కాల్ వచ్చింది. వెంటనే ఎత్తాను. తెరలో ముందు కంచం కనిపించింది. అన్నం, చేపల పులుసు. తర్వాత ఆయన మొహం. పక్కనే రమణ, తల ఎత్తి ఉన్నాడు, సిగ్గుపడుతూ.

"ఏమైంది?" అన్నాను.

"నాకేం తెల్సు? నిన్న పొద్దుగూకంగ లీల ఈనికి ఫోన్ చేసిందట. 'శ్రవణన్న కంచంల అన్నం పెట్టకపోతే నాకు ఫోనే చెయ్యకు' అన్నదట. ఈడొక్కడే అనుకున్న. చూస్తే రూంల ఉన్న ఐదుగురికి ఇంటికాడికెళ్ళి గిదే మాట. ఒక్క దినాన్నే! వీళ్ళు వచ్చి నన్ను చెయ్యి పట్టుకొని గిన్నె కాడ కూసోబెట్టిండ్రు."

"అక్కా, ఆల్లంత అనుకునే చేసినట్టున్నరు" అన్నాడు రమణ వెనక నుంచి.

ఆయన ముద్ద కలుపుతూ ఆగాడు. "నవనీతా, నీ చెప్పు కుట్టించుకున్నవా?"

"ఆఁ" అన్నాను.

"మంచిగ చేసినవ్" అన్నాడు. చెప్పు గురించేనేమో.

ఫోన్ పెట్టి వాకిట్లోకి పరుగెత్తాను. గోడకు అవతల లీల నాకు వీపు పెట్టి బీడీలు చుడుతోంది. పిలిస్తే, ఎవరైనా చూస్తే ఆమెకే జుర్మానా. గోడకు ఇవతల కూర్చున్నాను. కత్తెర చప్పుడు వింటూ కండ్లు తుడుచుకున్నాను. చాలాసేపటికి గోడ మీద ఒక గిన్నె పెట్టి, నావైపు చూడకుండా లోపలికి పోయింది. చిక్కుడుకాయ కూర.

సౌమ్య ఆ కూరతో అన్నం తింటూ హోంవర్క్ తీసింది. ఖాళీగా వదిలిన చోట రాసి నాకు చదివి వినిపించింది. "మా నాయినకు అన్నం పెట్టాలని ఐదు ఇండ్ల ఆడవాళ్ళు యునానిమస్‌గా చెప్పారు." సారు ఒప్పుకుంటాడా అని అడిగింది. ఒప్పుకోకపోతే నా దగ్గరికి తీసుకురమ్మన్నాను.

డిసెంబర్ 11

పోలింగ్. చలికి బడి ముందు మంటలు వేశారు. లైను నిండా ఆడవాళ్ళే, మగవాళ్ళ లైను సగం కూడా లేదు. అది అంతకుముందు నాకెందుకు తట్టలేదో! ఒక్కరూ నావైపు చూడలేదు, ఒక్క మాటా అనలేదు. అందరూ నాకు వ్యతిరేకమే అనిపించింది.

సత్యవ్వ వచ్చి సరిగ్గా నా వెనకే నిలబడింది. జలపతి దూరం నుంచి చూస్తున్నాడు. లైను జరిగినప్పుడు ఆమె చెయ్యి నా భుజం మీద పడింది. తీస్తుందనుకున్నాను. లోపలికి పోయేదాకా తీయలేదు.

మధ్యాహ్నం తర్వాత లెక్కపెడతారు. అత్తమ్మ పోయి అక్కడ కూర్చుంది. నేను ఇంట్లోనే ఉన్నాను. రాయడానికి చెయ్యి రావట్లేదు.

డిసెంబర్ 12

పొద్దున్నే ఎవరో తలుపు దబదబ బాదారు. తీస్తే లీల. పన్నెండు రోజుల మాటలన్నీ ఒక్కసారే కక్కేసేలా ఉంది.

"సర్పంచమ్మా! మా ఇంటి ముంగట మోరీ నిండి వాకిట్లకు వస్తుంది. ఎప్పుడు తీపిస్తవ్? ఓడిపోయిన కోపంల రాత్రి జలపతి పటేలు సత్యవ్వ మీద లేసిండట. విత్‌డ్రా మాట నాకెందుకు చెప్పలేదే అంటె, 'ఆల్ల ముచ్చట తియ్యద్దని నువ్వే గదా చాటిచ్చినవ్' అన్నదట. నవ్వలేక సస్తున్న అక్కా. ముందుగాల మోరీ సంగతి చూడు!"

లోపల నుంచి అత్తమ్మ "అప్పుడే షురువయ్యిందా?" అంది. మండువ దగ్గర ఎవరెవరో నిలబడి ఉన్నారు. మామ వాళ్ళకు, చెట్ల మీంచి ఇంకా దించలేదు, కూసోండ్రి అని చెబుతున్నాడు. మోకాలు ఇంకా వాచే ఉంది, అయినా చెట్టెక్కే మోకు భుజాన వేసుకొని ఈతవనం వైపు నడిచాడు.

"ఇప్పుడే చూద్దాం, పద" అన్నాను లీలతో.

గడప దగ్గర చెప్పులు వేసుకున్నాను. సౌమ్య పక్కనే నిలబడి నా కాళ్ళవైపు, తర్వాత నావైపు చూసింది. కుడిదీ బాగానే ఉంది, ఎడమదీ బాగానే ఉంది. ఎప్పుడూ తెగలేదు. గబగబా నడిచాను, లీలే వెనకపడింది.